భూగర్భంలో నిల్వ చేసిన కార్బన్ డయాక్సైడ్‌ను సీస్మిక్ సర్వేలతో కనిపెట్టుకుని ఉండడం ఎలా? స్లైప్‌నర్ అనుభవం ఆధారంగా ఒక సమగ్ర మార్గదర్శి

నార్వేకు పడమరగా ఉత్తర సముద్రంలో స్లైప్‌నర్ అనే సహజవాయు క్షేత్రం ఉంది. దాని పశ్చిమ భాగం నుంచి వచ్చే వాయువులో సుమారు 9 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. అమ్మకానికి పంపాలంటే దాన్ని 2.5 శాతానికి తగ్గించాలి. వేరుచేసిన వాయువును గాలిలోకి వదిలితే, 1991లో నార్వే ప్రభుత్వం విధించిన కార్బన్ పన్ను కట్టాలి. అందువల్ల 1996 సెప్టెంబరులో దాన్ని సముద్రమట్టానికి దాదాపు 1,012 మీటర్ల దిగువన, ఉట్సీరా అనే ఇసుకరాతి పొరలోకి పంపించడం మొదలుపెట్టారు. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు ఏటా సుమారు 9 లక్షల టన్నుల చొప్పున అక్కడ నిల్వ చేశారు. పరిశ్రమ స్థాయిలో, కేవలం నిల్వ కోసం, ఉప్పునీటి శిలలోకి కార్బన్ డయాక్సైడ్‌ను పంపిన తొలి ప్రయత్నం ఇదే. ఆ వాయువు ఎక్కడికి పోతోందో సీస్మిక్ సర్వేలతో, అంటే పైనుంచి కంపనం పుట్టించి, లోపలి పొరల నుంచి తిరిగొచ్చే తరంగాలను నమోదు చేసే పద్ధతితో, ఏళ్ల తరబడి ఇంత స్పష్టంగా చూడగలిగిన చోటు కూడా ఇదే. అందుకే ఈ వ్యాసంలో స్లైప్‌నర్‌నే ముఖ్య ఉదాహరణగా తీసుకుని, మిగతా క్షేత్రాలను అవసరమైన చోట మాత్రమే ప్రస్తావిస్తాను.

భూభౌతికశాస్త్రం చదువుతున్నవారిని, చమురు రంగంలో సీస్మిక్ డేటాతో పనిచేస్తూ ఈ వైపు రావాలనుకుంటున్నవారిని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. సీస్మిక్ పరిశీలన అనగానే వాయువు ఎక్కించాక చేసే సర్వేలే చాలామందికి గుర్తొస్తాయి. నిజానికి ఈ పని ఫలిస్తుందా లేదా అన్నది మొదటి టన్ను లోపలికి వెళ్లకముందే చాలావరకు తేలిపోతుంది. ఆ తొలి దశలో జరిగిన లోపాన్ని తర్వాత ఎంత ఖర్చు పెట్టినా పూడ్చడం దాదాపు అసాధ్యం. అందుకే మొదటి మూడు మెట్ల మీద ఎక్కువసేపు నిలబడదాం.

మొదటి మెట్టు: ఏ ప్రశ్నకు జవాబు కావాలో ముందే రాసుకోవడం

పర్యవేక్షణకు మూడు వేర్వేరు ప్రశ్నలుంటాయి. మొదటిది, వాయువు మనం ఉంచిన శిలలోనే ఉందా, లేక పైనున్న కప్పు శిలను దాటి పైకి వస్తోందా అన్నది. రెండవది, లోపల అది వ్యాపిస్తున్న తీరు మన గణన నమూనా చెప్పినట్టే ఉందా అన్నది. మూడవది, శిలలో పీడనం సురక్షిత హద్దులోనే ఉందా అన్నది. ఈ మూడింటికీ ఒకే సర్వే సమానంగా జవాబివ్వదు. మొదటిదానికి నిల్వ శిల కన్నా పైనున్న పొరల్లో చిన్న మార్పును పట్టుకోగల సున్నితత్వం కావాలి. రెండవదానికి నిల్వ శిలలోనే మంచి విభేదనం, అంటే దగ్గరదగ్గరగా ఉన్నవాటిని విడదీసి చూపే శక్తి, కావాలి. మూడవదానికి పీడన ప్రభావాన్ని ద్రవ ప్రభావం నుంచి విడదీసే ఏర్పాటు కావాలి. ఐరోపా సమాఖ్య 2009లో తెచ్చిన 2009/31 ఆదేశం కూడా నమూనాకూ వాస్తవ ప్రవర్తనకూ పొంతన చూపించమని నిల్వదారులను అడుగుతుంది. కాబట్టి ప్రశ్నలు రాసుకోవడం కాగితం పని కాదు. సర్వే విస్తీర్ణం, సెన్సర్ల స్థానం, సర్వేల మధ్య వ్యవధి అన్నీ అక్కడి నుంచే వస్తాయి.

రెండవ మెట్టు: ఆ రాయి స్పందిస్తుందో లేదో లెక్క వేయడం

శిలలోని రంధ్రాల్లో ఉప్పునీరు ఉన్నప్పుడు అది నొక్కుకు గట్టిగా ఎదురు నిలుస్తుంది. ఆ నీటి స్థానంలో కార్బన్ డయాక్సైడ్ చేరితే శిల మెత్తబడినట్టవుతుంది, అందులో శబ్దతరంగాల వేగం తగ్గుతుంది. సీస్మిక్ పర్యవేక్షణ మొత్తం ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంది. అయితే ఈ తగ్గుదల అన్ని రాళ్లలోనూ ఒకేలా ఉండదు. వదులుగా, సచ్ఛిద్రంగా ఉన్న ఇసుకరాయిలో అది చాలా ఎక్కువ. గట్టిగా అతుక్కుపోయిన సున్నపురాయిలో తక్కువ. బసాల్ట్‌లో ఇంకా తక్కువ. మీ శిల ఏ కోవకు చెందుతుందో తెలియకుండా సర్వేకు డబ్బు పెట్టకూడదు.

ఈ లెక్కకు ఆధారం 1951లో గాస్‌మన్ ప్రతిపాదించిన సమీకరణం. శిలా ఖనిజాల ఆయత గుణకం (అన్ని వైపుల నుంచీ నొక్కితే ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పే అంకె), పొడి శిల ఆయత గుణకం, రంధ్రాల్లోని ద్రవపు ఆయత గుణకం, సచ్ఛిద్రత (శిలలో రంధ్రాల వాటా) అనే నాలుగింటిని ఇస్తే, ద్రవం నిండిన శిల ఎంత గట్టిగా ఉంటుందో ఆ సమీకరణం చెబుతుంది. శిల ఆకారం మారకుండా ఎంత నిలుస్తుందో చెప్పే దృఢతా గుణకం మాత్రం ద్రవం మారినా మారదు. ఉట్సీరా ఇసుకరాయికి సరిపోయే ఉజ్జాయింపు విలువలు తీసుకుని ఒకసారి వేసి చూద్దాం. సచ్ఛిద్రత 37 శాతం, పొడి శిల ఆయత గుణకం 2.6 గిగాపాస్కల్, దృఢతా గుణకం 0.85 గిగాపాస్కల్, ఖనిజానికి 36.9 గిగాపాస్కల్, ఉప్పునీటికి 2.3 గిగాపాస్కల్ అనుకోండి. ఆ లోతున కార్బన్ డయాక్సైడ్ గుణకం 0.07 గిగాపాస్కల్‌కు దగ్గరగా, సాంద్రత ఘనమీటరుకు 700 కిలోగ్రాములకు దగ్గరగా ఉంటుంది. రంధ్రాల నిండా ఉప్పునీరే ఉంటే తరంగ వేగం సెకనుకు దాదాపు 2,050 మీటర్లు వస్తుంది. రంధ్రాల్లో 20 శాతం కార్బన్ డయాక్సైడ్ సమంగా కలిసిపోయి ఉంటే వేగం 1,480 మీటర్లకు పడిపోతుంది. అది 80 శాతానికి పెరిగినా వేగం 1,420 మీటర్లకు మాత్రమే తగ్గుతుంది.

ఈ మూడు అంకెలను కాస్త నిదానంగా చూడండి. తగ్గుదలలో అత్యధిక భాగం తొలి 20 శాతంలోనే వచ్చేసింది. ఆ తర్వాత ఎంత వాయువు చేరినా తరంగం పెద్దగా పట్టించుకోదు. అంటే సీస్మిక్ పద్ధతి వాయువు ఉందని చెప్పడంలో ఎంత నేర్పరో, ఎంత ఉందో చెప్పడంలో అంత బలహీనం. ఇక్కడే ఇంకో మెలిక కూడా ఉంది. వాయువూ నీరూ సమంగా కలవకుండా తరంగదృష్టికి పెద్దవైన ముద్దలుగా, విడివిడిగా ఉంటే, అదే 20 శాతానికి వేగం 1,850 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. శిల లోపల కలయిక ఈ రెండు కొసల మధ్య ఎక్కడ ఉందో సర్వే చిత్రం చూసి చెప్పలేం. కాబట్టి వేగం నుంచి వాయు శాతాన్ని లెక్కకట్టి ఇచ్చే ఏ నివేదికైనా, ఏ కలయిక నమూనాను వాడారో చెప్పి తీరాలి. ఆ మాట లేని నివేదికను నేను నమ్మను.

లోతు గురించి కూడా ఒక మాట. కార్బన్ డయాక్సైడ్ సందిగ్ధ స్థానం, అంటే ద్రవానికీ వాయువుకూ తేడా చెరిగిపోయే స్థితి, సుమారు 31 డిగ్రీల సెల్సియస్, 74 బార్ల పీడనం. దాదాపు 800 మీటర్లకు దిగువన అది ద్రవం అంత సాంద్రంగా ఉంటుంది కనుక తక్కువ చోటులో ఎక్కువ నిల్వ అవుతుంది. స్లైప్‌నర్‌లో ఉట్సీరా పైభాగపు ఉష్ణోగ్రత ఈ సందిగ్ధ స్థానానికి చాలా దగ్గర. అందువల్ల ఉష్ణోగ్రత అంచనాలో రెండు మూడు డిగ్రీల తేడా వచ్చినా వాయువు సాంద్రత లెక్క గణనీయంగా మారిపోతుంది. బావిలో ఉష్ణోగ్రతను సరిగా కొలిచి ఉంచుకోవడం సీస్మిక్ నిపుణుడి పని కాదని వదిలేయకండి.

మూడవ మెట్టు: తొలి సర్వే

వాయువు ఎక్కించకముందు చేసే సర్వేను బేస్‌లైన్ సర్వే అంటారు. తర్వాతి సర్వేలన్నిటినీ దానితోనే పోల్చాలి. ఒకసారి ఇంజెక్షన్ మొదలయ్యాక, ఇంజెక్షన్‌కు ముందటి భూమిని మళ్లీ ఎవరూ తీసుకురాలేరు. స్లైప్‌నర్‌లో 1994 నాటి త్రిమితీయ సర్వే ఉండబట్టే 1999లో చేసిన సర్వేకు అర్థం దొరికింది. ఆ సర్వే లేకపోతే, 1999 చిత్రంలో మెరిసిన పరావర్తనాల్లో ఏవి వాయువువో, ఏవి మొదటినుంచీ ఉన్నవో తేల్చడానికి వాదోపవాదాలే మిగిలేవి.

తొలి సర్వే విస్తీర్ణాన్ని, ఇంజెక్షన్ బావి చుట్టూ వ్యాపించే వాయురాశి, అంటే ఈ రంగంవారు ప్లూమ్ అని పిలిచేది, చివరికి ఎంత దూరం పోతుందని నమూనా చెబుతుందో దానికన్నా చాలా పెద్దగా తీసుకోవాలి. వాయువు పైకి తేలుతూ కప్పు శిల అడుగున ఏ వాలు ఉంటే ఆ వాలు వెంట పాకుతుంది. కప్పు శిల ఉపరితలాన్ని మనం కొద్ది మీటర్లు తప్పుగా గీసినా దాని దారి మారిపోతుంది. దానికి తోడు, చుట్టూ మార్పేమీ జరగని ప్రాంతం కూడా చిత్రంలో ఉండాలి. రెండు సర్వేలు ఎంత బాగా సరిపోలాయో కొలిచేది అక్కడే.

మరో సూచన. వీలైతే ఇంజెక్షన్‌కు ముందే రెండు సర్వేలు చేయించండి. మధ్యలో ఏ మార్పూ జరగలేదు కనుక, ఆ రెండింటి తేడాలో కనిపించేదంతా కేవలం పద్ధతి వల్ల వచ్చిన శబ్దమే (నాయిస్, అంటే అసలు సంకేతం కానిది). ఖర్చు చూసి చాలామంది వెనకాడతారు. నిజమే, ఖర్చే. కానీ రేపు ఒక అనుమానాస్పదమైన చిన్న మచ్చ కప్పు శిలకు పైన కనిపించినప్పుడు, అది లీకేజీయో శబ్దమో చెప్పగల అంకె మీ చేతిలో అప్పుడే ఉంటుంది.

భూకంపాలకు సంబంధించిన తొలి రికార్డు కూడా ఇదే దశలో మొదలుకావాలి. కనీసం ఒక ఏడాది ముందు నుంచి సీస్మోమీటర్లు నడుస్తూ ఉంటే, ఆ చోట సహజంగా ఎన్ని చిన్న కంపనాలు వస్తాయో తెలుస్తుంది. జపాన్‌లోని తొమకొమాయ్‌లో 2016 నుంచి 2019 వరకు 3 లక్షల టన్నుల వాయువును సముద్రగర్భంలోకి ఎక్కించారు. మధ్యలో, 2018 సెప్టెంబరు 6న హొక్కాయిడోలో పెద్ద భూకంపం వచ్చింది. దాని కేంద్రం సుమారు 37 కిలోమీటర్ల లోతున ఉంది. నిల్వకూ దానికీ సంబంధం లేదని, నిల్వ నుంచి లీకేజీ జరగలేదని చెప్పడానికి, అంతకుముందు నుంచి పేరుస్తూ వచ్చిన పీడన, కంపన రికార్డులే అక్కడివారికి ఆధారమయ్యాయి.

నాల్గవ మెట్టు: అదే చోట, అదే తీరుగా మళ్లీ సర్వే చేయడం

స్లైప్‌నర్‌లో 1999 తర్వాత 2001, 2002, 2004, 2006, 2008, 2010, 2013 సంవత్సరాల్లో సర్వేలు జరిగాయి. సముద్రంలో ఓడ వెనక కిలోమీటర్ల పొడవున లాగే, సెన్సర్లు అమర్చిన స్ట్రీమర్ తీగలను ప్రవాహం పక్కకు నెట్టేస్తుంది. ఆటుపోట్ల వల్ల నీటి మట్టం మారుతుంది. రుతువును బట్టి నీటి ఉష్ణోగ్రత, దానితోపాటు నీటిలో ధ్వని వేగం మారతాయి. ఇవన్నీ కలిసి, భూమిలో ఏ మార్పూ లేకపోయినా రెండు సర్వేల మధ్య తేడా పుట్టిస్తాయి. కాబట్టి ప్రతి సర్వేలో ఓడ నడిచే గీతలు, తరంగాలను పుట్టించే ఎయిర్‌గన్ పేల్చే చోట్లు, తీగల లోతు మునుపటి సర్వేకు వీలైనంత దగ్గరగా ఉండేలా ఒప్పందంలోనే రాయించాలి. వీలైతే సర్వే అదే రుతువులో జరగాలి.

నేల మీద అయితే ఇబ్బంది ఇంకో రకం. వర్షాకాలంలో తడిసిన పైమట్టికీ ఎండాకాలపు ఎండుమట్టికీ తరంగ వేగంలో చాలా తేడా ఉంటుంది. పైన ఉన్న ఆ కొద్ది మీటర్ల మట్టే మొత్తం చిత్రాన్ని చెడగొట్టగలదు. ఆస్ట్రేలియాలోని ఒట్వే ప్రయోగక్షేత్రంలో దీనికి మంచి ఉపాయం చూపించారు. నేల కంపనాలను పట్టే జియోఫోన్లను పైన ఉంచకుండా 4 మీటర్ల లోతున శాశ్వతంగా పాతిపెట్టారు. సుమారు 1,500 మీటర్ల లోతుకు 15,000 టన్నుల వాయువు పంపగా, తొలి 5,000 టన్నుల దశలోనే దాన్ని సర్వేలో పట్టుకోగలిగారు. పాతిన సెన్సర్లకు మొదట డబ్బు ఎక్కువ అవుతుంది. కానీ పది సర్వేలు చేయాల్సిన చోట ప్రతిసారీ కొత్తగా పరిచే ఖర్చూ, ప్రతిసారీ వచ్చే తేడా కూడా తప్పుతాయి. బావి గొట్టం వెంట బిగించిన ఆప్టికల్ ఫైబర్ తీగనే వేలాది సెన్సర్లుగా వాడే పద్ధతి కూడా ఇప్పుడు వాడుకలోకి వచ్చింది. కెనడాలోని క్వెస్ట్ క్షేత్రంలో ఆ పద్ధతితో బావి చుట్టూ ఉన్న ప్రాంతాన్ని పరిశీలించారు. అది బావి సమీపంలో చక్కగా చూపిస్తుంది, దూరం పెరిగేకొద్దీ చూపు తగ్గుతుంది.

ఇక్కడ ఒక నిజమైన సందిగ్ధం ఎదురవుతుంది. పదేళ్లలో పరికరాలు మెరుగవుతాయి. పాత తీరుకే కట్టుబడితే పోలిక బాగుంటుంది, కొత్త పరికరం తెస్తే చిత్రం బాగుంటుంది. స్లైప్‌నర్‌లో 2010 సర్వేను రెండు రకాల సెన్సర్లున్న కొత్త స్ట్రీమర్‌తో చేశారు. పైపొరలోని వాయువు పైఅంచునూ అడుగు అంచునూ అది మునుపటికన్నా బాగా విడదీసి చూపించింది. నా అభిప్రాయంలో, కొత్త పరికరం నుంచి పాత పరికరంలా కనిపించే డేటాను కూడా తయారు చేయగలిగినప్పుడే దానికి మారాలి.

ఎంత వ్యవధిలో మళ్లీ చేయాలి? తొలి ఏళ్లలో తరచుగా, నమూనాకూ చిత్రానికీ పొంతన కుదిరాక అరుదుగా చేయడం సమంజసం. క్యాలెండరు చూసి కాకుండా, నమూనా ప్రకారం ప్లూమ్ అంచు సర్వే గుర్తించగలిగినంత దూరం జరిగిందా లేదా అన్నది చూసి నిర్ణయించాలి.

ఐదవ మెట్టు: సర్వేలను కలిపి ప్రాసెస్ చేయడం, సరిపోలికను కొలవడం

పాత సర్వేను అప్పట్లో ప్రాసెస్ చేసిన రూపంలోనే వాడుకుని, కొత్తదాన్ని విడిగా ప్రాసెస్ చేసి, ఒకదాని నుంచి ఒకటి తీసివేయడం తొలిసారి చేసేవారి సాధారణ పొరపాటు. ప్రతి సర్వేనూ ముడి రికార్డుల నుంచి మొదలుపెట్టి, ఒకే వరుసలో, ఒకే విలువలతో కలిపి ప్రాసెస్ చేయాలి. నీటి ఉష్ణోగ్రత, ఆటుపోట్ల సవరణలు మాత్రం దేనికది. ఆ తర్వాత మార్పులేని పొరల్లో రెండు సర్వేల సమయం, ఫేజ్ (తరంగం తన చక్రంలో ఉన్న దశ), ఆంప్లిట్యూడ్ (తరంగపు ఎత్తు) సరిపోయేలా సర్దుబాటు చేయాలి. ఈ సర్దుబాటు గణించే కిటికీలో నిల్వ శిలను గానీ దాని కింది పొరలను గానీ ఎప్పుడూ చేర్చకండి. చేరిస్తే, మీరు వెతుకుతున్న వాయువు జాడనే సవరణ తుడిచేస్తుంది.

సరిపోలికకు సాధారణంగా వాడే కొలత ఎన్‌ఆర్‌ఎంఎస్. రెండు సర్వేల తేడాకు వర్గమధ్యమ మూలం కట్టి, దాన్ని 200తో హెచ్చించి, రెండు సర్వేల వర్గమధ్యమ మూలాల మొత్తంతో భాగిస్తే అది వస్తుంది. రెండూ అచ్చంగా ఒకటే అయితే 0. ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేని శబ్దాలైతే దాదాపు 141. ఒకటి రెండవదానికి తలకిందులైతే 200. ఈ కొలత ఎంత సున్నితమో ఒక చిన్న లెక్కతో చెబుతాను. 45 హెర్ట్జ్ తరంగాన్ని 0.6 మిల్లీసెకన్లు మాత్రమే జరపండి, అంటే దాదాపు 10 డిగ్రీల ఫేజ్ తేడా వచ్చింది. ఆ ఒక్కదానికే ఎన్‌ఆర్‌ఎంఎస్ 17 శాతం అవుతుంది. సముద్రంలో జాగ్రత్తగా చేసిన స్ట్రీమర్ సర్వేలకు 20 నుంచి 30 శాతం వస్తే బాగున్నట్టే. శాశ్వతంగా అమర్చిన సెన్సర్లతో 10 శాతానికి లోపు కూడా సాధ్యమవుతుంది. ఈ అంకెను సర్వే మొత్తానికి ఒకే సగటుగా కాకుండా పటంగా గీయండి. ఓడ దారి తప్పిన చోట్లు ఆ పటంలో చారలుగా బయటపడతాయి.

ఆరవ మెట్టు: చిత్రాన్ని చదవడం

స్లైప్‌నర్ సర్వేల్లో వాయువు ఒక్క ముద్దగా కనిపించలేదు. ఒకదానిపై ఒకటి పేర్చినట్టున్న తొమ్మిది పొరలుగా కనిపించింది. ఉట్సీరా ఇసుకరాయి మధ్యలో సుమారు ఒక మీటరు మందమున్న షేల్ (బంకమట్టి గట్టిపడి ఏర్పడిన రాయి) పొరలున్నాయి. అవి 1994 చిత్రంలో విడిగా కనబడనంత సన్నవి. వాయువు ప్రతి షేల్ కింద కొంత ఆగి, పరుచుకుని, ఏదో ఒక చోట దారి చేసుకుని పై పొరకు ఎక్కింది. 1999 నాటికే, అంటే మూడేళ్లలోనే, అది ఇసుకరాయి పైకొసను తాకింది. అడ్డుగోడల్లాంటి షేల్‌లున్నా అంత తొందరగా పైకి చేరడం నమూనాలు కట్టేవారికి పెద్ద పాఠమైంది. దాని పైనున్న మందమైన కప్పు శిల మాత్రం దాన్ని ఆపింది, పైపొరల్లో వాయువు జాడ సర్వేల్లో కనబడలేదు.

చదవాల్సినవి రెండు. ఒకటి, పరావర్తనాల ఆంప్లిట్యూడ్‌లో మార్పు. వాయువు చేరిన సన్నని పొర పైఅంచు, అడుగు అంచు నుంచి వచ్చే తరంగాలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. పొర మందం తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు అయ్యేదాకా, మందంతో పాటు ఆంప్లిట్యూడ్ పెరుగుతుంది. 45 హెర్ట్జ్ పౌనఃపున్యం, 1,420 మీటర్ల వేగం తీసుకుంటే ఆ హద్దు 8 మీటర్ల దగ్గర వస్తుంది. అంతకన్నా సన్నని పొరలకు ఆంప్లిట్యూడ్ మందానికి కొలబద్దలా పనికొస్తుంది, హద్దు దాటాక పనికిరాదు.

రెండవది సమయం. వాయువు ఉన్న పొరలో తరంగం నెమ్మదిస్తుంది కనుక, దానికింద ఉన్న పొరలు చిత్రంలో అసలు లోతు కన్నా కిందికి దిగినట్టు కనిపిస్తాయి. దీన్ని పుష్‌డౌన్ అంటారు. మన లెక్క ప్రకారం 20 శాతం వాయువున్న 10 మీటర్ల మందపు పొరను తరంగం దిగి, ఎక్కి రావడానికి దాదాపు 4 మిల్లీసెకన్లు ఎక్కువ పడుతుంది. ప్లూమ్ మధ్యలో పొరలన్నిటి ఆలస్యాలూ కూడి పదుల మిల్లీసెకన్లకు చేరతాయి. ఆంప్లిట్యూడ్ ఒక్కో పొర గురించి చెబితే, పుష్‌డౌన్ నిలువుగా మొత్తం గురించి చెబుతుంది. రెండింటి జవాబులూ పొసగకపోతే కలయిక నమూనాను మార్చి చూడాల్సిన సమయం వచ్చిందన్న మాట.

ఒక హెచ్చరిక. మందమైన ప్లూమ్ మధ్యలో, పై పొరలు తరంగ శక్తిని తినేయడం వల్ల అడుగు పొరలు ఏడాదికేడాది మసకబారుతాయి. అక్కడ వాయువు తగ్గిందని రాసేయకండి.

ఏడవ మెట్టు: పీడనాన్ని విడదీయడం

స్లైప్‌నర్‌లో ఇసుకరాయి ఎంత విశాలమంటే పీడనం పెద్దగా పెరగలేదు. అన్ని చోట్లా అదృష్టం అలా ఉండదు. నార్వేకే చెందిన, బారెంట్స్ సముద్రంలోని స్నోవిట్ క్షేత్రంలో 2008లో సుమారు 2,600 మీటర్ల లోతున ట్యూబన్ శిలలోకి ఇంజెక్షన్ మొదలైంది. పీడనం అనుకున్నదానికన్నా త్వరగా పెరుగుతూ పోయింది. 2009లో చేసిన సర్వేలో బావికి దగ్గరగా ఒక గట్టి మార్పు, దూరంగా విస్తరించిన మరో మార్పు కనిపించాయి. దగ్గరిది ప్రధానంగా వాయువు వల్ల, దూరంగా వ్యాపించినది పీడనం వల్ల అని, బావిలోని పీడన కొలతలను జోడించి అర్థం చేసుకున్నారు. 2011లో ఇంజెక్షన్‌ను పైనున్న స్టో శిలకు మార్చారు. సకాలంలో తీసుకున్న ఆ నిర్ణయం వెనక సీస్మిక్, బావి కొలతలు రెండూ ఉన్నాయి. ఒక్క సీస్మిక్‌తోనే అయితే అది కష్టమయ్యేది. వాయువు, పీడనం తరంగం పడే కోణాన్ని బట్టి వేర్వేరుగా స్పందిస్తాయి కనుక, దగ్గరి సెన్సర్ల డేటానూ దూరపు సెన్సర్ల డేటానూ విడివిడిగా ప్రాసెస్ చేసి ఉంచుకోండి.

ఎనిమిదవ మెట్టు: మౌనంగా వింటూ ఉండడం

సర్వేలు ఏడాదికో రెండేళ్లకో ఒకసారి తీసే ఫోటోల్లాంటివి. మధ్యకాలంలో శిల చేసే చిన్న చప్పుళ్లను వినడానికి బావుల్లోనూ, నేల మీదా సెన్సర్లు నిరంతరం నడవాలి. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం డెకేటర్‌లో 2011 నుంచి 2014 వరకు సుమారు 10 లక్షల టన్నులను మౌంట్ సైమన్ ఇసుకరాయిలోకి పంపినప్పుడు వేల సంఖ్యలో సూక్ష్మకంపనాలు నమోదయ్యాయి. చాలావరకు మనిషికి తెలియనంత చిన్నవి. అవి ఎక్కువగా శిల అడుగున, దానికింది పాత స్ఫటిక శిలల్లో ముందే ఉన్న భ్రంశాల (రాతి పొరలు తెగి జరిగిన పగుళ్ల) వెంట వరుసలుగా కనిపించాయి. అంటే వాయువు అక్కడికి వెళ్లకపోయినా పీడనం వెళ్లింది. తొలి సర్వేలో కనిపించని భ్రంశాలను ఆ వరుసలు చూపించాయి.

నీటి పీడనం రాళ్లను కదిలించగలదన్న సంగతి మనకు కొత్త కాదు. మహారాష్ట్రలోని కోయనా జలాశయం దగ్గర 1967 డిసెంబరు 10న వచ్చిన భూకంపం ఆ పాఠాన్ని కఠినంగా నేర్పింది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా అక్కడి కంపనాలను అధ్యయనం చేస్తూ వచ్చారు. జలాశయపు నీటికీ కంపనాలకూ సంబంధాన్ని వెతికిన ఆ అనుభవం నిల్వ క్షేత్రాలకూ నేరుగా అక్కరకొస్తుంది.

అల్జీరియాలోని ఇన్ సలా నుంచి నేర్చుకోవలసింది ఇంకొకటి. 2004 నుంచి 2011 వరకు అక్కడ సుమారు 38 లక్షల టన్నులు నిల్వ చేశారు. నేల ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున ఉబ్బుతోందని ఉపగ్రహ రాడార్ చూపించింది. ఒక బావి మీద ఆ ఉబ్బు రెండు సమాంతర పట్టీలుగా కనిపించడం, లోతున ఒక పగులు తెరుచుకుందన్న అనుమానానికి దారితీసింది. 2009 సీస్మిక్ సర్వేలో అదే దిశలో సరళరేఖ లాంటి జాడ కనబడి ఆ అనుమానాన్ని బలపరిచింది. ఎడారి నేల కావడంతో ఉపగ్రహం పని తేలికైంది. పచ్చని పొలాల మీద అది అంత సులువు కాదు.

తొమ్మిదవ మెట్టు: కనబడనిదాన్ని లెక్కలో పెట్టుకోవడం

నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ సీస్మిక్ తరంగాలకు దాదాపు కనిపించదు, ఎందుకంటే ఆ నీరు మామూలు ఉప్పునీటిలాగే గట్టిగా ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ కరిగే భాగం పెరుగుతుంది. కాబట్టి చిత్రంలో కనిపించిన మొత్తం, ఎక్కించిన మొత్తం కన్నా తక్కువైతే అది లీకేజీయే అనుకోనక్కర్లేదు. స్లైప్‌నర్‌లో సముద్రపు అడుగున గురుత్వాకర్షణను 2002, 2005, 2009లలో కొలిచారు. ఆ కొలతలను సీస్మిక్‌తో కలిపి చూసి, ఏడాదికి 1.8 శాతానికి మించి కరగడం లేదని హద్దు కట్టగలిగారు. సీస్మిక్ ఆకారం చెబుతుంది, గురుత్వం ద్రవ్యరాశి చెబుతుంది. రెండూ కలిస్తేనే ఖాతా సరిపోతుంది.

ఎంత చిన్న నిల్వను గుర్తించగలమో కూడా ముందే లెక్క కట్టాలి. ఉదాహరణకు 100 మీటర్ల వ్యాసార్ధం, 2 మీటర్ల మందం, 37 శాతం సచ్ఛిద్రత, సగం వాయువు ఉన్న పలుచని వృత్తంలో, ఘనమీటరుకు 700 కిలోల సాంద్రత వద్ద దాదాపు 8,000 టన్నులుంటాయి. స్లైప్‌నర్ ఏడాది ఇంజెక్షన్‌లో అది ఒక శాతం కన్నా తక్కువ. అదే ఆకారం పైపొరల్లో ఏర్పడితే అక్కడ పీడనం తక్కువ కనుక వాయువు వ్యాకోచించి ఉంటుంది, అంటే అంతకన్నా చాలా తక్కువ ద్రవ్యరాశే అంత పెద్దగా కనిపిస్తుంది. పైకి వచ్చే లీకేజీని పట్టుకోవడంలో ఇది మనకు కలిసొచ్చే విషయం.

బసాల్ట్ గురించి మన ప్రాంతపు పాఠకులకు ఒక మాట చెప్పాలి. తెలంగాణ పశ్చిమ భాగాల్లోనూ విస్తరించిన దక్కన్ లావా రాళ్లను నిల్వకు పరిశీలించాలన్న చర్చ శాస్త్రవేత్తల మధ్య ఉంది. అటువంటి గట్టి రాళ్లలో వేగం మార్పు స్వల్పం. పైగా ఐస్‌లాండ్‌లోని కార్బ్‌ఫిక్స్ ప్రయోగంలో లాగా వాయువు రెండేళ్లలోనే చాలావరకు ఖనిజంగా మారిపోతే, వాయువు కోసం సర్వే వెతకడానికి ఏమీ మిగలదు. అక్కడ నీటి రసాయన పరీక్షలే ప్రధానం కావాలి, సీస్మిక్ సహాయకంగా ఉండాలి. కృష్ణా గోదావరి బేసిన్ లాంటి ఇసుకరాతి అవక్షేపాల సంగతి వేరు, స్లైప్‌నర్ పాఠాలు అక్కడికి ఎక్కువ దగ్గర.

పదవ మెట్టు: ఏం కనిపిస్తే ఏం చేయాలో ముందే నిర్ణయించడం

ఏ కొలత ఏ హద్దు దాటితే ఇంజెక్షన్ తగ్గించాలో, ఆపాలో, ఎవరికి తెలియజేయాలో ఇంజెక్షన్‌కు ముందే రాసి సంతకాలు తీసుకోవాలి. చిత్రం ముందున్నప్పుడు హద్దు గీస్తే ప్రతివారూ తమకు నచ్చిన చోట గీస్తారు. ఇంజెక్షన్ ఆగాక కూడా పని ఆగదు. అమెరికా పర్యావరణ సంస్థ 2010లో తెచ్చిన ఆరవ తరగతి బావుల (కార్బన్ డయాక్సైడ్ నిల్వ బావుల) నిబంధనల్లో ఇంజెక్షన్ ఆగాక పర్యవేక్షణకు మామూలు గడువు 50 ఏళ్లు. ఐరోపా ఆదేశంలో బాధ్యత ప్రభుత్వానికి బదిలీ కావాలంటే సాధారణంగా కనీసం 20 ఏళ్లు గడవాలి. యాభై ఏళ్ల తర్వాత ఈ డేటాను తెరిచేది మనం కాదు. కాబట్టి ముడి రికార్డులు, సెన్సర్ల కచ్చితమైన స్థానాలు, ప్రాసెసింగ్‌లో వాడిన ప్రతి విలువా ఎవరైనా చదవగలిగే రూపంలో భద్రపరచాలి.

సాధన చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేని మార్గం ఒకటుంది. స్లైప్‌నర్ నాలుగు మితుల (త్రిమితీయ సర్వేలకు కాలం కూడా చేరిన) సీస్మిక్ డేటా, 2019 బెంచ్‌మార్క్ నమూనా, తొమ్మిది పొరల్లో ప్లూమ్ హద్దులు సీఓటూ డేటాషేర్ అనే వేదికలో బహిరంగంగా దొరుకుతాయి. ముందుగా 1994, 1999, 2001 సర్వేలను తీసుకోండి. ఉట్సీరా పైభాగానికి పైన, మార్పులేని ఒక కిటికీలో ఎన్‌ఆర్‌ఎంఎస్ పటం గీయండి. తర్వాత ఇసుకరాయి అడుగున ఉన్న పరావర్తనంపై పుష్‌డౌన్ కొలవండి. ప్లూమ్ మొత్తం మీద దాన్ని కూడి, 1999 సర్వే నాటికి ఎక్కించిన సుమారు 23.5 లక్షల టన్నులతోనూ, 2001 నాటి సుమారు 42.6 లక్షల టన్నులతోనూ సరిపోల్చండి. సమంగా కలిసిన నమూనాతో ఒకసారి, ముద్దలుగా ఉన్న నమూనాతో ఒకసారి ఆ లెక్క వేసి, రెండు జవాబులనూ పక్కపక్కన రాసుకోండి.